చిలక పెట్టిన వంకలు

వడ్రంగి పిట్టకు తన గూడు తనకుంది. అయినా చెక్కకపోతే దానికి తోచదు. వేసవంతా ముక్కు అరిగేలా తొలిచి, ఎండిన వేపమానులో ఇంకో తొర్ర చెక్కింది.

పక్షులన్నీ చూడటానికి వచ్చాయి. "ఎంత గుండ్రంగా వచ్చిందో!" అంది మైనా. "ఈ అడవిలోనే ఇలాంటిది లేదు" అంది కొంగ. వడ్రంగి పిట్ట అందరికీ తల ఊపింది కానీ, ఎందుకో దాని మొహంలో నవ్వు లేదు.

వానలు మొదలయ్యాక ఒక చిలక వచ్చి తిన్నగా తొర్రలోకి దూరింది. కాసేపటికి తల బయటపెట్టి విసుక్కుంది.

"ఎవరయ్యా దీన్ని చెక్కింది? గుమ్మం దగ్గర పెచ్చు లేచి రెక్క గీసుకుంటోంది. నేల ఒకవైపుకు వాలింది. రేపు గుడ్లు పెడితే దొర్లిపోవూ?"

వడ్రంగి పిట్ట మొహం వెలిగిపోయింది. "ఇప్పుడే సరిచేస్తా చిలకమ్మా!" అంటూ వచ్చి, వానలో తడుస్తూనే గుమ్మం నునుపు చేయసాగింది.

పక్క కొమ్మ మీది ఉడుత నోరు వెళ్లబెట్టింది. "అదేంటి మామా! అంతమంది మెచ్చుకుంటే నవ్వలేదు, ఈమె తిడుతుంటే మురిసిపోతున్నావు?"

వడ్రంగి పిట్ట ముక్కుకంటిన పొట్టు దులుపుకుంది.

"వాళ్లంతా చూసి వెళ్లారురా. ఈమె ఉండటానికొచ్చింది."