పుట్టింటి రక్తం

"నా కొడుకు చెయ్యి ముట్టుకుంటే మర్యాదగా ఉండదు సూడు!"

ఉరుకుందమ్మ అరుపుకు, సూది పట్టుకొచ్చిన నర్సు వెనక్కి తగ్గింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ వార్డంతా ఇటే చూసింది. చూస్తే చూడనీ! ఆమెకేమైనా సిగ్గా, బిడియమా?

మంచం మీద నాలుగేళ్ల మనవరాలు యామిని. చేతికి రక్తం ఎక్కుతోంది. తలసీమియా. ఆ పిల్ల ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, నెలనెలా ఎక్కించాల్సిందే. పక్కనే తల్లి శశికళ. ఆమెకు మళ్లీ మూడో నెల.

"అమ్మానాన్నలిద్దరి రక్తంలోనూ లోపముంటేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది," డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "శశికళ రక్తం చూశాం, ఉంది. రామాంజిది కూడా చూస్తేనే కడుపులో బిడ్డకు పరీక్ష చేయగలం. ఆలస్యమైతే మేం చేసేదేమీ ఉండదు."

"నా కొడుకుకేం మాయరోగం? మా రక్తం బంగారం!" ఉరుకుందమ్మ కోడలి మీదికి వేలు చూపించింది. "ఇదంతా దీని నాయన ఇంటోళ్ల రక్తం. ఆ వంశమే అంత! సూది గుచ్చితే మాలోనూ తప్పుండాదని ఒప్పుకున్నట్టే గదా. రేప్పొద్దున ఎమ్మిగనూరులో తలెత్తుకొని తిరగల్లా, వద్దా?"

రామాంజి చేతులు వెనక్కి దాచుకొని నిలబడ్డాడు. కట్టుకున్నవాడట! కన్నతండ్రట! ఛీ, ఆ వాలకం చూస్తే ఎవరికైనా రెండు తగిలించాలనిపిస్తుంది.

"చెయ్యి చాపు," అంది శశికళ. "కడుపులో ఉండేది నీ బిడ్డే గదా."

"వాడు చాపడు!" ఉరుకుందమ్మ అడ్డం వచ్చింది. "ముందు మీ నాయన సంగతి తేలనీ."

అప్పుడే శశికళ ఫోను మోగింది. మైదుకూరు నుంచి తండ్రి ఓబుళేశు. ఉరుకుందమ్మ సాధింపులు పడలేక ఆయన భార్యను వెంటబెట్టుకొని వెళ్లి, మొన్ననే ఇద్దరి రక్తమూ పరీక్షకు ఇచ్చొచ్చాడు. అందరికీ వినబడేలా శశికళ స్పీకరు పెట్టింది.

"నాకేం లేదంటమ్మా. మీ అమ్మకే ఉండాదంట."

కోడలి పుట్టింట్లోనే రోగం దొరికింది కదా, ఉరుకుందమ్మ ఇంకా రెచ్చిపోవాలి. పోలేదు. కొడుకు చెయ్యి పట్టుకొని తలుపు వైపు లాగింది.

"పదప్పా, ఇంటికి పోదాం. ఈడ మనకేం పని?"

శశికళకు ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"యాడికి పోతాండావు? మా అమ్మను కన్నది నువ్వే గదవ్వా!"