నలభై ఒకటో శాతం

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కృపానందం కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తెరంతా నీలం. మధ్యలో తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద రెండు ముక్కలు: "అప్‌డేట్ జరుగుతోంది, ఒక శాతం. కంప్యూటర్ ఆపవద్దు."

"శౌరీ, మళ్ళీ వచ్చిందే అప్‌డేటు!"

"అయ్యో, అయితే అక్కణ్ణించి కదలకండి," అంది శౌరమ్మ వంటింట్లోంచి. గొంతులో జాలి కంటే సంతోషమే ఎక్కువ పలికింది.

పోయిన నెల ఇలాగే అప్‌డేట్ అవుతుంటే, విసుగొచ్చి ఆయన మధ్యలో స్విచ్ కట్టేశాడు. కంప్యూటర్ మళ్ళీ లేవలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర రిపేరు షాపతను దాన్ని బాగుచేసి ఇస్తూ, నలుగురూ వింటుండగా, "పెద్దవారు, మీరే ఇలా తొందరపడితే ఎలాగండీ?" అన్నాడు. ముప్ఫై మూడేళ్ళు కరెంటు సబ్‌స్టేషన్లో గంటగంటకీ మీటర్లు చూసి రాసుకున్న మనిషికి ఆ మాట బాగా గుచ్చుకుంది. అప్పట్నించీ అప్‌డేట్ వస్తే చాలు, అయ్యేదాకా కాపలా.

ఇవాళ్టిది మాత్రం అసలు అప్‌డేట్ కాదు. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేసే కూతురు బ్లెస్సీ, తల్లి బతిమాలితే తయారుచేసిన ఉత్తుత్తి అప్‌డేట్. పొద్దున డ్యూటీకి పోతూ తెర మీద పెట్టేసి వెళ్ళింది. సాయంత్రం ఆరింటిదాకా నింపాదిగా నడుస్తుంది.

కారణం లేకపోలేదు. రిటైరయ్యాక కృపానందం తన డ్యూటీని వంటింట్లోకి మార్చుకున్నాడు. గిన్నెల మూతలు తీసి చూస్తాడు. చారులో ఉప్పు చూస్తాడు, చూసి ఊరుకోక వేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యంగా స్టవ్ మంట తగ్గిస్తాడు. "గ్యాసు ఊరికే వస్తోందా?" అంటాడు.

సోమవారం శౌరమ్మ పిండిలో అచ్చు ముంచి నూనెలో గులాబీ పువ్వులు వేస్తుంటే అలాగే తగ్గించాడు. పిండి అచ్చును వదల్లేదు. వదిలిన నాలుగూ నూనె తాగి మెత్తబడ్డాయి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఆమె వంటింట్లో కూలబడి ఏడ్చింది.

అవి ఇంట్లోకి కాదు మరి. క్రిస్మస్‌కని ఒక స్వీట్‌షాపువాళ్ళు ఆమెను నమ్మి ఇచ్చిన మొదటి ఆర్డరు. ఇరవై డబ్బాలు, శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా. డబ్బాల మీద అంటించడానికి "శౌరమ్మ గులాబీలు" అని చీటీలు కూడా వచ్చేశాయి. యాభై ఏడేళ్ళకి తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకదే మొదలు. ఇది చెడిందంటే వాళ్ళు మళ్ళీ పిలవరు.

"ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, మీ నాన్నని వంటింట్లోకి రాకుండా చెయ్యవే," అని ఆ రాత్రే కూతురి చేతులు పట్టుకుంది. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న ఆయనకు వినపడకూడదని, తన మట్టుకు తాను గుసగుసగానే చెప్పింది.

"ఏడు శాతం!" అని ఇప్పుడా పక్కగదిలోంచి కేక.

"అలాగే చూస్తుండండి!"

పదకొండింటికి ఒక పువ్వు మాడింది. కుర్చీ కిర్రుమంది. అడుగులు వంటింటి గుమ్మం దాకా వచ్చాయి.

"శౌరీ, ఏదో మాడుతోంది. మంటేమన్నా పెద్దదయిందేమో..."

శౌరమ్మ గబగబా మాడిన పువ్వు తీసి పక్కన పడేసింది. "మీరిటొస్తే అక్కడది ఆగిపోతుందేమోనండీ!"

"అవున్లే. ఇరవై రెండు మీదుంది," అన్నాడు గుమ్మం అవతల్నించే. అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి.

పన్నెండున్నర దాటాక కరెంటు పోయింది.

శౌరమ్మ డబ్బాలు లెక్కపెట్టింది. అప్పటికి పదకొండు డబ్బాలే నిండాయి. ఇంకా తొమ్మిది డబ్బాల పిండి అలాగే ఉంది. తెర ఆరిపోయాక ఆయన ఎక్కడికొస్తాడో ఆమెకు తెలీదా? తలుపు ఓరగా వేసి, అది సరిపోదని దానికి బియ్యం డబ్బా అడ్డం పెట్టింది.

ఆయన మాత్రం వరండాలో నిలబడి పాత ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాడు. "నేనయ్యా, కృపానందాన్ని. ఎంతసేపేంటి?"

ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆ గదిలో చాలాసేపు చప్పుడు లేదు. శౌరమ్మ చెవులు రిక్కించింది.

"శౌరీ! భయం లేదు! నలభై ఒకటి దగ్గర ఆగింది, మళ్ళీ నలభై ఒకటి నుంచే మొదలైంది!"

"మరియమ్మ తల్లీ!" అనుకుని ఆమె చప్పుడు కాకుండా బియ్యం డబ్బా పక్కకు జరిపింది. ఎంత ముందుచూపు నా కూతురికి, కరెంటు సంగతి కూడా ఆలోచించింది అని మురిసిపోయింది. మంట ఇంకాస్త పెంచింది.

అయిదింటికి ఇరవై డబ్బాలూ ఆటో ఎక్కాయి. మిగిలిన నాలుగు పువ్వులు పళ్ళెంలో పెట్టి, కాఫీతో పాటు కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళింది. కృపానందం ఒకటి కొరికాడు. కరకరమంది.

"మంట పెద్దదే పెట్టావా?"

"పెట్టాను."

ఇంకొకటి తీసుకున్నాడు. "పెట్టాల్సిందేలే," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

శౌరమ్మకు పాపం అనిపించింది. పొద్దుట్నించీ వెర్రిబాగుల మనిషిని ఒక్కచోట కట్టిపడేసింది. నవ్వూ వచ్చింది. పెరట్లోకి వెళ్ళి బ్లెస్సీకి ఫోన్ చేసింది.

"అన్నీ వెళ్ళాయే! మధ్యలో కరెంటు పోతే నా పని అయిపోయిందనుకున్నా. రాగానే దానంతటదే నలభై ఒకటి నుంచి నడిచేట్టు పెట్టావు చూడు, అదే నీ తెలివి!"

బ్లెస్సీ మధ్యలోనే అడ్డొచ్చింది.

"నేనలాంటిదేం పెట్టలేదమ్మా, అది ఉత్త వీడియో... కరెంటొచ్చాక ఎవరో ఒకరు దాన్ని వెతికి, నలభై ఒకటి దగ్గరికి జరిపి, మళ్ళీ నొక్కితే తప్ప నడవదు."