మిగిలిన గుజ్జు

"ఇంకొక్క చెంచా తిను. నీకు దండం పెడతా."

"సాలే, బుల్లెమ్మా. దిగుతలేదు," అంటూ చెంచురామయ్య కంచం పక్కకు నెట్టాడు.

కంచంలో ఆపిల్ గుజ్జు పోసింది పోసినట్టే ఉంది. బుల్లెమ్మకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"ఈ బూర్గంపాడు చుట్టుపక్కల పండును పొయ్యి మీద పెట్టినోళ్లు ఎవలన్నా ఉన్నరా? నీకోసం నేను పెడుతున్న. తొక్క తీసి, గింజలు తీసి, సన్నసెగ మీద ఉడకేసి, పప్పుగుత్తితోని మెదిపి, పల్చటి గుడ్డల వడగట్టి తెస్తే రెండు చెంచాలకే మొహం తిప్పుతివి."

"మంచిగనే ఉన్నది. కడుపు నిండింది, గంతే."

"సుట్టలు కాల్చి కాల్చి గొంతు పుండు చేసుకున్నవ్. ఇప్పుడు తిండి మాని నన్ను..." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పోయిన నెలలో ఇద్దరూ కలిసే నది దాటి భద్రాచలం దవాఖానాకు పోయారు. ఆమెకేమో ముద్ద మింగితే గుచ్చుకుంటోంది, అతనికేమో ఎప్పుడూ ఉండే చుట్ట దగ్గు. డాక్టరు ఇద్దరి గొంతులూ లైటు వేసి చూసి, ఆమెను బయట కూర్చోమన్నాడు. అతన్ని మాత్రం లోపల చాలాసేపు ఉంచుకున్నాడు. బయటికొచ్చిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నీది ఉత్త పైత్యమట," అన్నాడు. "నాదే, ముదిరిందట. ఇగ కోసినా లాభం లేదన్నడు. ఆపిల్ ఉడకేసి, మెత్తగ గుజ్జు చేసి తినమన్నడు. అది దిగినన్నాళ్లే బతుకట."

అప్పుడే వంతెన దగ్గర అహ్మద్ పాషా బండి మీద పండ్లు ఏరి తెచ్చుకున్నారు. మొదటిసారి నీళ్లు చాలక అడుగంటింది. ఆ తర్వాత నీళ్లెక్కువై చారులా తయారైంది. ఇప్పుడు వాసన చూసి, మూత తీయకుండానే ఉడికిందో లేదో చెబుతుంది. ఇంతా నేర్చుకుని ఏం లాభం, తినే మనిషి తినకపోయాక.

"నువ్వు తినకపోతే నేనూ తినను," అంది బుల్లెమ్మ. "ఇయ్యాల్టి సంది నాకు ఉపాసమే."

చెంచురామయ్య గబుక్కున కంచం దగ్గరికి లాక్కున్నాడు. "గా మాట అనకు. ఇగో, తింటున్న." ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని మింగాడు. "ఇగ నాతోని కాదు. మిగిలింది పారబోయకు. నువ్వు తిను."

"రోగమొచ్చినోళ్లు తినే పండు నాకెందుకు?"

"నా కంచంల మిగిలింది తినుడు నీకు కొత్తనా?"

కొత్తేం కాదు. ఆ ఇంట్లో బుల్లెమ్మ తనకంటూ విడిగా వడ్డించుకున్నది లేదు. మగడు తిని లేచాక ఆ కంచంలోనే ఇంత పెట్టుకుంటుంది. జ్వరమొస్తే, కాసిని పాలు కాచుకు తాగవే అంటే, కాచి తెచ్చి మగడి చేతికే ఇచ్చే రకం.

అతను దగ్గుకుంటూ గేదెను చూసొస్తానని దొడ్లోకి వెళ్లాడు. బుల్లెమ్మ కంచం ముందు కూర్చుంది. ఈమధ్య అన్నం ముద్ద ఆమెకు అసలే దిగడం లేదు. ఇంట్లో అంత దిగులు పెట్టుకుంటే ఎవరికి మాత్రం దిగుతుంది? గుజ్జు మాత్రం హాయిగా జారిపోయింది. ఇంత సులువుగా దిగేది కూడా ఆయనకు దిగడం లేదంటే రోగం ఎంత ముదిరిందో కదా అనుకుని, తింటూ తింటూనే ఏడ్చింది.

కంచం ఖాళీ చేసి, ఆపిల్ తొక్కలు గంపలో వేసుకుని గేదెకు పెడదామని లేచింది. గేదె దగ్గర చెంచురామయ్య లేడు. గడ్డివాము వెనక నుంచి కరకరమని చప్పుడొస్తోంది.

వెళ్లి చూస్తే, కూలిపనికొచ్చే లంబాడీ మనిషి లాలి రొట్టెలు కట్టిచ్చిన అద్దాల గుడ్డ ఒళ్లో పరుచుకుని కూర్చున్నాడు మహానుభావుడు. గుడ్డలో అట్టల్లాంటి జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు. ఒక చేతిలో ఉల్లిగడ్డ, బుగ్గ నిండా రొట్టె.

బుల్లెమ్మ చేతిలోని గంప జారిపోయింది.

"దిగుతలేదంటివి?"

అతను ఉబ్బిన బుగ్గను అరచేత్తో కప్పుకున్నాడు.

"నోరు తెరువు," అంది. గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. "పుండేది?"

అతను రొట్టె మింగాడు. "లేదు."

"దగ్గు?"

"అది సుట్టది."

"అంటే నీకేం రోగం లేదు?"

"లేదు."

బుల్లెమ్మ అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. దొంగ సచ్చినోడా అంది, నీ మొహం మండ అంది. తిడుతూ తిడుతూనే నవ్వింది. అక్కడే గడ్డిలో చతికిలబడింది. "నీకేమన్నా అయితదని పర్ణశాల రామయ్యకు ముడుపు గట్టిన. నా తండ్రి, బతికించినవ్. రేపటి సంది ఆ గిన్నె బోర్లిస్త. ఆపిల్ లేదు, గీపిల్ లేదు."

చెంచురామయ్య నవ్వలేదు. "బోర్లియ్యకు," అన్నాడు. "రేపు గూడ ఒండు."

"ఎవలికి? నీకేం లేదంటివి గద. మరి ఆ డాక్టరు నన్ను బయట కూసోబెట్టి, నీతోని అంతసేపు ఏం చెప్పిండు?"

అతను చేతిలోని రొట్టె గుడ్డలో పెట్టేశాడు. "నీకని ఒండుకోమంటే ఒండుకోవు. నా కంచంల మిగిలితేనే తింటవు," అన్నాడు తల దించుకుని. "ఆయన చెప్పిందంతా నీ గొంతు గురించే, బుల్లెమ్మా."