బ్రేకు మీద కాలు

శ్రీకాంత్ ఎలక్ట్రిక్ కారు కొని నెల కాలేదు. ఆ కారు గొప్పలు వినని చుట్టం హన్మకొండలో లేడు.

ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బండి దానంతటదే నెమ్మదిస్తుందట. ఆ నెమ్మదించడంలోనే బ్యాటరీకి కరెంటు తిరిగొస్తుందట. ఇక బ్రేకుతో పనేముంది అనేవాడు.

ఆ పొద్దున చలి ఎముకలు కొరుకుతోంది. పరకాలలో పెళ్లికని ఆరేళ్ల కూతురితో బయల్దేరాడు. రాత్రంతా ఆరుబయట ఉన్న కారు తెర మీద ఏదో హెచ్చరిక చూపింది. చదవకుండానే తీసేశాడు.

ఊరు దాటాక చాయ్ కొట్టు దగ్గర ఒక ముసలాయన చెయ్యెత్తాడు. పరకాలకే పోవాలట, బస్సు రాలేదట.

శ్రీకాంత్ ఎక్కించుకున్నాడు. గొప్పలు చెప్పడానికి కొత్త మనిషి దొరికాడు మరి.

ముసలాయన అవేవీ చెవిన పెట్టలేదు. వెనక సీట్లో నిద్రపోతున్న పాపకు తన గొంగడి కప్పాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"బిడ్డా, జర బ్రేకు మీద కాలు పెట్టు."

అదే మాట మళ్లీ మళ్లీ వినేసరికి శ్రీకాంత్‌కు ఒళ్లు మండింది. కారు ఆపాడు.

"కారు నడుపుడు నువ్వు నేర్పుతవా తాతా? దిగు."

ముసలాయన పాప వైపు చూశాడు. గొంగడి తీసుకోకుండానే చలిలో దిగిపోయాడు.

కొంత దూరం పోయాక మలుపులో పత్తి ట్రాక్టర్ అడ్డం వచ్చింది. శ్రీకాంత్ అలవాటుగా కాలు తీశాడు.

కారు నెమ్మదించలేదు. చలికి చల్లబడ్డ బ్యాటరీ కరెంటు తీసుకోవడం లేదు. పొద్దున తెర మీది హెచ్చరిక అదే, గొప్పల ధ్యాసలో ఇంతదాకా గమనించలేదు. కాలు తీసినంత మాత్రాన బండిని పట్టి ఆపేది ఏదీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ముసలాయన మాట. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.

ట్రాక్టర్‌కు జానెడు దూరంలో కారు ఆగింది. పాప లేచి ఏడ్చింది. శ్రీకాంత్ పాపను ఒళ్లోకి తీసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కారు వెనక్కి తిప్పాడు. దింపిన చోట ముసలాయన లేడు, దారిలో ఎదురైన బస్సు ఎక్కి ఉంటాడు. గొంగడి ఎవరికివ్వాలో తెలియక చాయ్ కొట్టు దాకా వచ్చాడు.

"పోశన్నను పరకాల దవాఖాన కాడ దింపినవా అయ్యా?" అని గొంగడిని చూస్తూ అడిగింది కొట్టు నడిపే సోమక్క.

శ్రీకాంత్ తల వంచుకున్నాడు. దవాఖానలో ఎవరున్నారని మెల్లగా అడిగాడు.

"నిన్న పొద్దుగాల గిసొంటి కారే మలుపుకాడ ఆగక చెట్టుకు గుద్దుకుంటే ఆయన కొడుకు పోయిండు, పీనుగను తెచ్చుకుందామని పోతాండు," అంది సోమక్క.