ఎందుకని అడిగే హక్కు

"ప్రాణం, స్వేచ్ఛ ప్రభుత్వం వేసిన భిక్ష కాదండీ, తోచినప్పుడు లాక్కోడానికి," అన్నాడు రాజగోపాల్.

గురునాథరావు నవ్వాడు. ఎమర్జెన్సీలో ప్రభుత్వం ఇంటిపెద్ద లాంటిదనీ, తాగుబోతు మొగుళ్లకి ఠాణాలో బుద్ధి చెప్పించమని మన ఆడవాళ్లే అడుగుతారు కదా అనీ అన్నాడు. ఇంటిపెద్ద అయితే రాత్రి గదిలో పెట్టినా తెల్లారాక తలుపు తీస్తాడని రాజగోపాల్ జవాబు.

ఇద్దరూ రాయపూర్ దగ్గరి స్టీల్ ప్లాంటు ఇంజనీర్లే. సెక్టర్ 7లో పక్కపక్క క్వార్టర్లు. సాయంత్రమైతే రాజ్యాంగం మీద కోడిపందేలు. ఈసారి మాత్రం పందెంలో ఉన్నది ఒక మనిషి.

వరండా మెట్టు మీద కూర్చుని అప్పలనర్సమ్మ వింటోంది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు బసవరాజు ప్లాంటు కార్మికుడు. యూనియన్ మీటింగులకు తిరిగేవాడు. చలికాలంలో, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకెళ్లి రాయపూర్ జైల్లో పడేశారు. ఎందుకో చెప్పలేదు. పూనుకుని, విడిపించమని కోర్టులో అర్జీ వేయించింది రాజగోపాలే. ఇలాంటి అర్జీలు వినొచ్చని జబల్పూర్ హైకోర్టు అప్పటికే అంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. తీర్పు మనవైపే వస్తుందని ఆవిడకి రోజూ ధైర్యం చెప్పేవాడు.

బసవరాజుని పట్టించింది గురునాథరావేనని రాజగోపాల్ అనుమానం. ఠాణేదారుతో పేకాడే మనిషి మరి. ఆ సంగతి ఎత్తితే, "ఆ బాబుని ఏటీ అనకండి," అని అప్పలనర్సమ్మ తల దించుకుంది. ఎంత మెత్తని మనసో అనుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో రేడియో తీర్పు చెప్పింది. వాదన నెగ్గిన గురునాథరావు కూడా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. రాజగోపాల్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. లేనిపోని ఆశ పెట్టి పెద్దావిడ ఉసురు పోసుకున్నాననుకుంటూ ఆవిడ పక్కనే కూలబడ్డాడు.

"మావోణ్ణి ఒగ్గరా బాబు?"

"ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ మనం కోర్టుకెళ్లడానికి లేదమ్మా. ఎందుకు పట్టుకున్నారని అడిగే హక్కు కూడా లేదట."

ఆవిడ పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

"ఎందుకు పట్టుకున్నారో నాకు తెల్సు బాబు," అంది చివరికి. "మీటింగులకెల్తే ఉద్యోగం పోద్దిరా అని ఎంత మొత్తుకున్నా ఆడు ఇన్లేదు. కాస్త బెదిరించి ఒగ్గేయమని ఠాణాలో నేనే సెప్పినాను."