ఎనిమిదో లైను

మైకాయన అక్క పేరు చదవగానే స్టేడియం మొత్తం ఈలలతో దద్దరిల్లింది. ఏడుగురి పేర్లూ చదివి, ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిదో లైనులో చేతులకి గ్లవుజులు బిగించుకుంటున్న చెల్లెలి పేరు అసలు పలకనేలేదు.

చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

అది నాలుగు వందల మీటర్ల సెలెక్షన్ రేసు. నెగ్గిన ఒక్కరే ప్రపంచ పోటీలకి వెళ్తారు. అక్క ఇప్పటికే మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ మెడలో పతకంతో దిగింది. జాతీయ రికార్డు అక్కదే. బస్టాపులో పోస్టరు అక్కదే. ఇంట్లో అద్దాల బీరువా నిండా కప్పులూ అక్కవే. వాటి దుమ్ము దులిపే భాగ్యం మాత్రం చెల్లెలికి దక్కింది.

అక్కకి పదమూడేళ్లప్పుడు నాన్న మొదటి రేసు కుర్చీ చేయించాడు. ముందు ఒక చక్రం, వెనక రెండు. కాళ్లు కిందకి మడిచి, బెల్టు బిగించి, ముందుకి వంగి చేతులతో చక్రాలని కొడుతూ దూసుకుపోవాలి. "ఒక్కదాన్నే అయితే నేను రాను" అని అక్క మొండికేసింది. దాంతో పదకొండేళ్ల చెల్లెలికీ ఒకటి చేయించాడు. అప్పట్నించీ పన్నెండేళ్లుగా పొద్దున్నే ఇద్దరూ మైదానంలోనే. అరచేతుల్లో అక్కకి ఎన్ని కాయలున్నాయో చెల్లెలికీ అన్నే ఉన్నాయి. పైగా ఈ రెండేళ్లుగా ప్రాక్టీసులో ముందు గీత దాటేది చెల్లెలే. ఎప్పుడో ఒకరోజు కాదు, రోజూ.

అయినా నాన్న స్టాప్‌వాచ్ అక్క వచ్చినప్పుడే ఆగుతుంది.

"నాన్నా, నా టైమెంత?"

"నీదా? చూళ్లేదు తల్లీ. అక్కని చూశావా, ఇవాళ పావు సెకను తగ్గించింది!"

ఇలాంటి తండ్రితో ఏం మాట్లాడతాం? చెల్లెలు మాట్లాడటం మానేసి, సెలెక్షన్ ఫారం నింపి పోస్టు చేసింది. తిరిగొచ్చింది. మళ్లీ పంపింది, మళ్లీ తిరిగొచ్చింది. మూడోసారి పోస్టుని నమ్ముకోకుండా సెలెక్టరు గదికే పట్టుకెళ్లింది. ఆయన ఫారం చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ స్పీడు నాకు తెలీక కాదమ్మా. రూల్స్ ఒప్పుకోవు."

"ముందొచ్చినవాళ్లని పంపమని రూల్స్‌లో లేదా సార్?"

"నీకెలా చెప్పాలో నాకర్థం కావడం లేదు. ఒక పని చేస్తాను. మీ అక్కకి ఏడో లైను ఇచ్చి, నీకు ఎనిమిదోది ఇస్తా. నువ్వు కళ్లముందుంటే తను ఇంకా బాగా తోస్తుంది."

అంటే అక్కని పరుగులు పెట్టించడానికి ఈమె కావాలి, పేరు మాత్రం అక్కర్లేదు. తిరిగొస్తూ చెల్లెలు బస్టాపు దగ్గర ఆగింది. పోస్టరులో నవ్వుతున్న అక్క మొహానికి పెన్నుతో దిట్టమైన మీసాలు పెట్టింది. కాస్త చల్లబడింది. మర్నాడు అటుగా వెళ్తూ అక్క వాటిని చూసి పగలబడి నవ్వింది. "మీసాలు నాకు బాగానే ఉన్నాయి కదే!" అంది. చెల్లెలి కోపం మళ్లీ మొదటికొచ్చింది. మీసాలతో కూడా బాగుండాలా ఈ మనిషి?

పిస్తోలు పేలింది.

మొదటి మలుపులోనే వెనక నుంచి అక్క చక్రాల చప్పుడు వినిపించింది. అక్క చక్రం బిగుసుకుపోవాలని చెల్లెలు మనసారా కోరుకుంది. వెంటనే సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఇంకోసారి కోరుకుంది. భుజాలు ఊడొచ్చేలా తోసింది. చివరి వంద మీటర్లలో ఎవరి చప్పుడూ వినిపించలేదు. అందరికన్నా ముందు గీత దాటింది.

బోర్డు వెలిగింది. మొదటి స్థానం అక్క, కొత్త జాతీయ రికార్డు. ఎనిమిదో లైను ఎదురుగా ఖాళీ.

నాన్న ఆయాసపడుతూ వచ్చి అక్కని కావలించుకున్నాడు. ఫోటోగ్రాఫర్లు చుట్టుముట్టారు. వాళ్లలో ఒకడు చెల్లెలి వైపు చెయ్యి ఊపాడు.

"కొంచెం పక్కకి జరుగుతారా మేడమ్? మీరు ఫోటోలో పడుతున్నారు."

జరిగింది. పళ్లు నూరుకుంటూ చాలా దూరమే జరిగింది.

సందడి తగ్గాక అక్క తన కుర్చీని తోసుకుంటూ పక్కకి వచ్చింది. ఇద్దరి కుర్చీలూ చక్రానికి చక్రం ఆనుకుని నిలిచాయి.

"ఈ టైము నీవల్లే వచ్చిందే. నువ్వు ఒక్క అంగుళం తగ్గినా నాకు రికార్డు లేదు."

"చాలు, నీ ఓదార్పులు నాకొద్దు. ఇంట్లో నువ్వే, బయటా నువ్వే. నాన్న గడియారం కూడా నీదే. నాకు కుళ్లే, అవును, కుళ్లే! ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీ చోట నేనుంటే చూపించేదాన్ని."

అక్క మొహంలో నవ్వు ఆగిపోయింది.

"నా చోటా? నిజంగా ఉంటావా?"

"ఉంటాను. ఇవ్వు, ఇప్పుడే ఇచ్చెయ్."

తడుముకోకుండా అనేసింది. అక్క తలొంచుకుని గ్లవుజు పట్టీ విప్పింది, మళ్లీ పెట్టుకుంది.

"ఇవ్వగలిగితే ఎప్పుడో ఇచ్చేదాన్ని" అంది మెల్లిగా.

ఆ మాటతో చెల్లెలికి ఇంకా ఉక్రోషం వచ్చింది. విసురుగా బెల్టు లాగేసి, కుర్చీలోంచి లేచి, దాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వెళ్లిపోయింది.