సెర్బియా మంత్రి కథ

"ఇందులో ఏముందో ఒక్క ముక్క వదలకుండా చెప్పు," అన్నాడు అధికారి బర్మీసులో. "ఏదైనా దాచావో, ఇద్దరూ ఇక్కడే ఉంటారు."

బల్ల మీద అట్ట ఊడిన నోటుపుస్తకం ఉంది. పొద్దున కూర్మనాథం మేష్టారి చేతిసంచిలో దొరికింది. అంతా తెలుగు. ఆ ఆఫీసులో తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందుకని పబేడాన్ పేట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముకునే రాజమోహన్‌ను పిలిపించారు. యాంగోన్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు. చదవగలిగేవాళ్లను మాత్రం వెతికి పట్టుకోవాలి. అక్షరం ముక్క వస్తే ఇలాంటి కష్టం కూడా వస్తుందని అక్షరాలు దిద్దించిన రోజుల్లో మేష్టారు అతనికి చెప్పలేదు.

మేష్టారు గోడవార బెంచీ మీద కూర్చుని ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పుస్తకంలో తేడా మాట ఒక్కటి దొరికినా ఆయన ఇక ఇంటికి రారు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

రాజమోహన్ మొదటి పేజీ తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఏం, రాదా?"

"వచ్చు సార్. రాతే కోడి గెలికినట్టుంది."

మేష్టారు చటుక్కున తలెత్తారు. ఆయన దస్తూరీకి వంక పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"ఇది ఒక రాజకీయ నాయకుడి కథ సార్. స్తెవాన్ లుకొవాచ్ అని, సెర్బియా ఆయన. వందేళ్ల కిందటి మాట."

"ఎక్కడో సెర్బియావాడి గోల ఈ ముసలాయనకెందుకు?"

"ఆయన మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా కొట్లో ఉంది సార్. పదేళ్లుగా ఎవరూ కొనలేదు. మేష్టారే వచ్చి ఊరికే చదువుకుపోతుంటారు."

అధికారి నవ్వాడు. రాజమోహన్‌కి కాస్త ఊపిరాడింది. గబగబా చెప్పుకుపోయాడు. లుకొవాచ్ తండ్రి పందుల వ్యాపారి. కొడుకు బెల్‌గ్రేడ్‌లో లా చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఎన్నికల్లో నిలబడ్డాడు. గాలివాటం మనిషి. మూడు పార్టీలు మారి మంత్రి అయ్యాడు.

"మరి ఈ అంకెలేమిటి? ప్రతి వరసలోనూ ఉన్నాయి." అధికారి వేలు పెట్టి చూపించాడు. 19. 17. 24.

"ఒక్కో ఊళ్లో వచ్చిన ఓట్లు సార్. వేలల్లో."

అధికారి ఊళ్ల పేర్లు అడిగి మరీ రాసుకున్నాడు.

"తర్వాత?"

"తర్వాత రాజుగారు పార్లమెంటు మూసేశాడు సార్."

అధికారి కిళ్లీ నమలడం ఆపాడు. మేష్టారు కళ్లు మూసుకున్నారు. ఈ దేశంలో సైన్యం చేసిందీ అదే. నోరు జారానని రాజమోహన్‌కి అప్పుడు తెలిసింది.

"అప్పుడు మీ లుకొవాచ్ ఏం చేశాడు?"

"వెళ్లి రాజుగారికి దండం పెట్టాడు సార్. పదవి తెచ్చుకున్నాడు."

"బతకనేర్చినవాడే," అని అధికారి మళ్లీ నమలసాగాడు. నమిలి నమిలి, ఉన్నట్టుండి అన్నాడు. "మూడో పేజీ ఇంకోసారి చెప్పు."

రాజమోహన్ పేజీలు వెనక్కి తిప్పాడు. పందొమ్మిది వేలు, పదిహేడు వేలు, ఇరవై నాలుగు వేలు. అవే ఊళ్లు, అదే వరస. అధికారి తన కాగితంతో పోల్చి చూసుకుని తలూపాడు. రాజమోహన్ చొక్కా చెమటకి వీపుకు అంటుకుపోయింది.

రాజమోహన్ చివరి పేజీ తిప్పాడు.

"ఒక ఊరేగింపు మీద కాల్పులకి ఆ మంత్రి సంతకం పెట్టాడు సార్. ఒక ఆడపిల్ల పోయింది. ఆనాటి నుంచి ఆయన ఏ ఇంట్లో ఉన్నా ఆ పిల్ల గుమ్మంలో నిలబడేది. లోపలికి రాదు. వెళ్లిపోదు. అన్నానికి కూర్చుంటే చూస్తూ ఉంటుంది. రమ్మన్నా రాదు. కాళ్లకి చెప్పులుండవు. జడ సగం ఊడిపోయి ఉంటుంది. పదవి పోయింది, మనుషులు పోయారు. ఆ పిల్ల మాత్రం పోలేదు సార్."

"ఎవరా పిల్ల?"

"ఎవరో... అది రాయలేదు సార్."

అధికారి తన వెనక ఉన్న గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. అయినా కుర్చీని గోడకి జరుపుకుని కూర్చున్నాడు.

"ఈ ఆఖరి అంకె? ఇరవై రెండు?"

రాజమోహన్ ఆ వరస మీద వేలు ఉంచాడు.

"అక్కడ ఓడిపోయాడు సార్."

అధికారి పుస్తకాన్ని అవతలికి తోశాడు. "తీసుకుపొండి. ఈ వయసులో దయ్యాల కథలు రాయొద్దని ముసలాయనకి చెప్పు."

బయట వాన వెలిసింది. ఇద్దరూ వీధి మలుపు దాటి టీకొట్టు దగ్గరికి వచ్చారు. మేష్టారు పుస్తకాన్ని పంచె మడతలో దోపుకున్నారు. ఆయన కళ్లు ధారలు కడుతున్నాయి.

"ఒరే నాన్నా, ఆ ఆకరి పేజీ నీసేత సదివించినాడ్రా ఆడు," అన్నారు. "కూకో. టీ ఏటైనా తాగుతావేటి?"

"ఒద్దు మేష్టారూ. గుడికెల్లిపోదాం. రేపే గదా అమాస."

ఆ పుస్తకంలో సెర్బియా ఊసే లేదు. ఊరేగింపులకి వెళ్లి, శవాలై కూడా ఇళ్లకి తిరిగిరాని పిల్లలకి మహాలయ అమావాస్య నాడు తర్పణం వదలడానికి మేష్టారు వాళ్ల పేర్లు, వయసులు వరసగా రాసుకున్నారు, అందులో ఆఖరి పేరు రాజమోహన్ కూతురు జయంతిది.